గోడ మీది దొర

ఎండయ్య మావ ముందు నాలుగు గీతలు గీస్తాడు.
ఎర్రమట్టి అలికిన గోడ, బియ్యప్పిండి నీళ్ళు,
కొస నమిలిన వెదురుపుల్ల.
ఆ నాలుగు గీతలూ ఇల్లు.
లోపలికి ఎవరెవరొస్తారో
ఎజ్జోడు కలలో అడిగి వచ్చాడు:
ముగ్గురు తాతలు, కాన్పులో పోయిన సోమారి పిన్ని,
రెండు నెమళ్ళు, ఒక జీలుగు చెట్టు,
చివరికి, ఎప్పటిలాగే, దొర.

టోపీ, గుర్రం, చేతిలో గొలుసు.
"వంద కడియాలుండాల గుంటా, లెక్కెట్టు."
అరవై దగ్గర గోడ అయిపోతుంది.

మావ తాతకి తాత మోశాడట ఆ గొలుసు,
రోజుకి గుప్పెడు ఉప్పు కూలి.
చింతచెట్టుకీ చింతచెట్టుకీ మధ్య,
పోడు మీంచి, చచ్చినోళ్ళకి పాతిన రాళ్ళ మీంచి.
ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడనుకున్నారు.
జాలిపడి పనసతొనలు పెట్టారు.

మూడేళ్ళకి గార్డు వచ్చాడు, కాగితంతో.
అందులో కొండ ఉంది,
చింతచెట్లున్నాయి, ఒక్కోటీ లెక్కకట్టి.
మేం లేం.
కత్తి పట్టి కొండెక్కినవాడికి బరంపురం జైలు.

కాగితం కొండ దిగింది గాని దొర దిగలేదు.
ఆ వానల్లోనే చలిజ్వరం.
"ఏడవడానికి ఆడి మనిసి ఒక్కతైనా నేదు.
ఏడిసీవోలు నేకపోతే సచ్చినోడు ఊరుకుంటాడేటి?
మన గుంటల కడుపుల్లో దూరీసేడు."
అందుకని గోడ మీద చోటు.
ఏడాదికోసారి కల్లు, ఒక కోడి, రెండు బిస్కెట్లు.
ఉప్పు బిస్కెట్లు ముట్టడట.

సోమవారం నేను మందస వెళ్ళి
ఆరో తరగతికి పాఠం చెప్పాలి,
కొత్త భూములు కనుక్కున్నవాళ్ళ గురించి.
ఓడల దారులు బోర్డు మీద బాణాలుగా వేస్తాను.
కిందటేడు వెనక బెంచీ సుక్కమ్మ లేచి అడిగింది:
"ఎవరు పోగొట్టుకుంటే దొరికాయి టీచర్?"
నాలుగో ప్రశ్నకి జవాబు రాసుకోమన్నాను.

మొన్న శ్రీకాకుళం నుంచి ఎంపోరియం ఆయన వచ్చాడు.
గుడ్డ మీద ఇదే బొమ్మ, పాతిక కావాలి.
"దొర మాత్రం వద్దు. ఒరిజినల్‌గా ఉండాలి.
అక్కడ ఇంకో నెమలి పెట్టండి."
మావ పుల్ల కడుక్కున్నాడు.
"తీసీమంటే తీసీగల్ను బావూ.
మరి ఆడెక్కడికెల్తాడు?
నీ ఇల్లెక్కడ?"

ఆయన టీ కూడా తాగలేదు.

చీకటి పడ్డాక ఫోను లైటు పట్టుకోమన్నాడు మావ.
గుర్రం వెనక కాలు ఒకటి గీత దాటింది.
తడిగుడ్డతో తుడిచి,
మోకాలు దగ్గర మడిచి
లోపల పెట్టాడు.