ఆదా అయిన దూరం

రాయదుర్గంలో ఏడో అంతస్తు.
రెండొందల ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని
ఇంటినుంచి పనిచేసేవాళ్ళ కిలోమీటర్లు లెక్కపెడతాను.
ఈ లెక్క మాత్రం ఇంటినుంచి చేయకూడదట,
ఫైలు గడప దాటకూడదని రూలు.
అందుకే కుషాయిగూడలో ఆరూ పదికి బస్సు,
హబ్సిగూడలో మెట్రో,
నిలబడే టిఫిన్ డబ్బా వాసన.

నస్రీన్ సుల్తానా, సంతోష్‌నగర్.
పోను ఇరవై నాలుగు, రాను ఇరవై నాలుగు.
పేరు పక్కన నలభై ఎనిమిది రాసి
‘ఆదా’ అనే గడిలోకి జరుపుతాను.
కింద మొత్తం దానంతటదే కూడుకుంటుంది.
ఆ అంకెకి ఆకుపచ్చ రంగు వెయ్యమన్నారు పైవాళ్ళు.
వేశాను.

అబద్ధమేం కాదు.
ఒకప్పుడు బయోడైవర్సిటీ కూడలి దగ్గర
మా క్యాబులే ముప్పై ఆరు, ముక్కు ముక్కు ఆనించి
పొగలో నానుతుండేవి.
రోస్టరు రాసిన చెయ్యి ఇదే, నాకు తెలుసు.

మొన్న చార్జరు సంగతికి నస్రీన్ ఫోన్ చేస్తే అడిగాను,
మూడు గంటలు మిగిలాయి కదా, ఏం చేసుకుంటున్నావని.
‘నిద్ర’ అంది.
కాసేపాగి, ‘మీటింగులు’ అంది.
అటు ఎవరో కుక్కర్ దించమంటున్నారు.
‘క్యాబులో ఆ కిటికీ పక్క సీటుండేది చూడక్కా,
ఇంట్లో నాకు కిటికీ లేదు.’

దీనికి గడి లేదు.

ఆ చార్జరు సంతోష్‌నగర్‌కి బైకు మీద వెళ్ళింది.
కుర్చీలు వెళ్ళాయి టెంపోల్లో, నడుములు పట్టేస్తున్నాయంటే.
రోజూ రానక్కర్లేదు కదా అని
శంకర్‌పల్లి అవతల ఇల్లు కట్టుకున్నాడు మా టీం లీడరు.
పాలపాకెట్టుకి కారు తీస్తున్నాడు.

ఇంక సైదులు.
నాలుగేళ్ళు మా రెండో షిఫ్టు క్యాబు నడిపినవాడు.
నా షీటులో అతను తగ్గిన దూరం.
శ్రావణంలో ఓ రాత్రి, వాన,
కింది వాటావాళ్ళకి బిర్యానీ పట్టుకుని
ఎర్ర టీషర్టులో మా మెట్ల మీద నిలబడ్డాడు.
‘కారు అమ్మిన మేడమ్. ఇంట్ల వెట్టుకుంటే కిస్తీ ఆగుతదా?
గిప్పుడు దినాం నూట నలభై కొడుతున్న.’
తువ్వాలు తెద్దామని లోపలికి తిరిగానో లేదో
అతని జేబులో ఇంకో ఆర్డరు మోగింది.

అయితే ఇదంతా మోసమేనా అంటే,
యేసురత్నం ఉన్నాడు.
బోరబండ, మూడో అంతస్తు, లిఫ్టు లేదు,
రెండు కాళ్ళకీ ఇనుప పట్టీలు.
మూడుసార్లు ఉద్యోగం ఇచ్చాం,
మూడుసార్లూ మెట్లు చూసుకుని వద్దన్నాడు.
ఇప్పుడు మా వాళ్ళలో పొద్దున్నే అందరికంటే ముందు
పచ్చచుక్క వెలిగేది అతని పేరు పక్కనే.
ఉద్యోగమే మెట్లెక్కి వెళ్ళి తలుపు తట్టింది.
అతని గడిలో ఆదా, సున్నా.
ఎప్పుడూ రానివాడికి తగ్గేదేముంది?

‘ప్రయాణాలు తగ్గాయా? ఒక్క ముక్కలో చెప్పండి,’
రేపటి మీటింగుకి కావాలట.
తగ్గాయి అని కొట్టాను. చెరిపాను.
ఎవరివి అని కొట్టాను. అదీ చెరిపాను.

ఊరికే, ఎవరూ చూడరని,
అట్టడుగున ఒక వరస కలిపాను.
సైదులు, నూట నలభై.
‘ఉద్యోగి నంబరు ఇవ్వండి’ అంది షీటు, ఎర్రగా.
నా వరస కలిపాను, యాభై ఆరు.
నంబరు తీసుకుంది కానీ
‘ఆదా’లోకి జరగనంది.

ఆరున్నర.
కాసేపు మనిషి కదలకపోతే
ఈ ఫ్లోర్లో దీపాలు వాటంతటవే ఆరిపోతాయి.
ఆరిపోయాయి.
చీకట్లో చెయ్యెత్తి
ఎవరినో బస్సాపమన్నట్టు ఊపాను.
ఒక్కొక్కటే, నా నెత్తిమీంచి మొదలుపెట్టి,
వెలిగాయి.