మార్జిన్‌లో పెన్సిల్

షెట్లాండ్ దీవుల్లో పుస్తకాల వ్యాను తోలుతాను.
మంగళవారం యెల్, గురువారం అన్‌స్ట్,
గాలి మొండికేస్తే ఏ వారమూ లేదు, ఏ ఊరూ లేదు.
ఫెర్రీ మీద దాటేటప్పుడు
అరల్లో పుస్తకాలు ఒకదాని భుజం మీద ఒకటి వాలి
కునుకు తీస్తాయి.

పోయిన చలికాలం వచ్చిందా పుస్తకం.
బూడిదరంగు అట్ట, మూడొందల నలభై పేజీలు,
హెర్రింగ్ చేపల పేగులు తీసిన ఆడవాళ్ళ చరిత్ర.
రాసినాయన ఎక్కడో ప్రొఫెసరు, మంచివాడే,
ఎనిమిదేళ్ళు పాత లెక్కల పుస్తకాల్లో ఈదాడట.
నేను అట్ట తుడిచి అరలో పెట్టేశాను.
చేపల గురించి నాకు కొత్తగా చెప్పేదేముంది,
మా నాయనమ్మ తిట్లకి కూడా ఉప్పు అంటి ఉండేది.

మొదట పట్టుకెళ్ళింది ఓస్లా మన్సన్.
తొంభై రెండేళ్ళు, చూపుడువేలు సగమే వంగుతుంది.
రెండు వారాలకి తెచ్చిచ్చింది.
"బాగుందా?" అన్నాను.
"బాగానే రాశాడు పాపం.
చేతులు ఎప్పుడూ తెగినట్టు లేవు" అంది.

ఆ రాత్రి షెడ్డులో పేజీలు తిప్పాను.
నూట పన్నెండులో అచ్చక్షరాలు:
'పని చేస్తూ స్త్రీలు ఉల్లాసంగా పాడుకునేవారు.'
పక్కన పెన్సిల్, చీమలబారు:
'పాడకపోతే వేళ్ళ ఏడుపు వినబడేది.'

రాతలు చెరపడం నా ఉద్యోగంలో ఒక ముక్క.
డ్రాయర్‌లోంచి రబ్బరు తీశాను.
ముందు వాక్యం చదివితేనే కదా
ఏది చెరుపుతున్నానో తెలిసేది, అనుకున్నాను.
తెల్లవారింది.

వేళ్ళకి పిండిసంచి పీలికలు చుట్టుకునేవారట,
ఆ ముడి పళ్ళతోనే బిగించుకోవాలి, రెండో చెయ్యీ గాయమే కనుక.
ఇద్దరు కోసేవాళ్ళు, పీపాలోకి వంగి పేర్చేది ఒకతె,
ముగ్గురికీ కలిపి ఒకే కూలి, ఒకే గది, ఒకే జ్వరం.
చేపల వెంట రైలెక్కి తీరమంతా దక్షిణానికి,
దారి పొడుగునా ఒళ్ళో సగం అల్లిన మేజోడు.
కూలి పెంచమని ఒక ఏడు కత్తులు కింద పెట్టారట.
మా బడి పుస్తకంలో ఆ ఏడు
ఒక రాజు సింహాసనం దిగాడు, అంతే.

రబ్బరు డ్రాయర్‌లోనే ఉండిపోయింది.
పుస్తకం దీవి నుంచి దీవికి పోతూ లావెక్కింది.
ఎవరిదో టీ మరక, ఎవరిదో రొట్టెముక్క,
ఫెట్లార్‌లో ఎవరో ఏకంగా నీలం సిరాతో:
'పీపాకి ఎనిమిదొందలు కాదు, వెయ్యి. నేను లెక్కపెట్టాను.'

రెండొందల ఏడో పేజీలో ఫొటో.
రేవు దగ్గర పదకొండుమంది.
కింద అచ్చులో: 'కార్మికులు. పేర్లు తెలియవు.'
ఆ ఖాళీలో మొలకలొచ్చినట్టు:
'ఇది మా పిన్ని మిమీ.'
'మధ్యలో రూబీ గేర్. నవ్వు కాదది, పన్ను పోటు.'
దాన్ని కొట్టేసి ఇంకో చెయ్యి: 'రూబీ కాదు, చెల్లెలు జెస్సమిన్.'
దాని కింద మూడో చెయ్యి:
'మీ ఇద్దరికీ కళ్ళజోళ్ళు మార్చాలి.'

మార్చిలో తనిఖీకి వచ్చారు.
పాడైనవి వేరు చేయమన్నారు.
రిజిస్టర్‌లో దాని ఎదురుగా 'పోయింది' అని రాసి
పద్దెనిమిది పౌన్లు నేనే కట్టాను.
ఇప్పుడది డ్రైవరు సీటు కింద ఉంటుంది,
అడిగినవాళ్ళకి చీటీ లేకుండా ఇస్తాను.

పదిమందికి పేర్లొచ్చాయి, రెండు తగాదాలతో సహా.
కుడి చివర, తల పక్కకి తిప్పుకున్న మనిషికి మాత్రం
ఏడాదిగా ఎవరూ ఏమీ రాయలేదు.
మొన్న గురువారం చూశాను,
వణికే అక్షరాలు, ఒత్తి రాస్తే కాగితం చిరిగింది కొంచెం:

'పేరు గుర్తు లేదు. ఎడంచేతి వాటం.
నా దగ్గర ఆరు పెన్నీలు అప్పు తీసుకుంది.
ఇవ్వక్కర్లేదు.'