జిగురు కలపని సున్నం

పొద్దుగాల్నే చెప్పిండు జవాను:
"రేపు పెద్దసార్లొస్తున్నరు.
బస్టాండు నుంచి పశువుల దవాఖాన దాంక
ఏ గోడ మీద ఒక్క గీత కనవడొద్దు."

రెండు బకీట్ల సున్నం, కొబ్బరిపీసు కుంచె,
నిచ్చెన, నేను.

దేవరకొండల బస్సు దిగి
బిరబిర నడిచిపోయేటోళ్లైతే మీకెరుక లేదు.
నేను రోజు ఊడుస్త ఆ గోడలెంట.
నాకెరుక.

వానకు పెచ్చులూడినకాడ ఎర్రమట్టి తేలింది గదా,
గా మచ్చకు నాలుగు కాళ్లు, ఇంత గడ్డం పెట్టిండు.
మేకపోతైంది.
కోచింగు సెంటరోళ్లు అతికిచ్చిన పోస్టరు
సరిగ్గ దాని మూతికాడనే చినిగింది.
కారే పైపు ఏనుగు తొండం.
పొడుగు పగులు డిండి వాగు,
అండ్ల నీలం లేదు, ఉత్త ఇసుక రంగే;
వాన వడ్డనాడు చూరునీళ్లు దాంట్లకెల్లే పారినయి.
ఏసినోడు గదిగూడ లెక్కగట్టిండు.
బుయ్యిమనే ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద
రెండు చెవులు మూసుకున్న ముసల్ది.

ఎవరేసిన్రంటె ఎవ్వరు జెప్పలే.
ఓనాడు కోడికూతకు నాకే దొరికిన్రు.
పర్వతాలు.
ఒకప్పుడు బజార్ల బోర్డులన్ని ఆయన చేతివే,
కిరాణం, కల్లు దుకాణం, సైకిలు పంచరు.
ఫ్లెక్సీలొచ్చినంక కుంచెలు
కిరసనాయిల్ల నానుకుంట వడ్డయి.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగిన చెయ్యి,
భుజం దాటి లేవది.
గందుకే ఆయన బొమ్మలన్ని
చిన్నపిల్లల కండ్లకు ఎదురుంగ ఉంటయి.
ఇన్నొద్దులు నేను ప్రేమనుకున్న.
నొప్పి గూడ.

పైన మొగులు, పిట్టలు, తీగె మీది కోతులు
మనుమరాలు అండాలువి.
ఆయన కిందికెల్లి తిట్టుకుంట చెప్తడు,
ఆ పిల్ల ఇనది.
కోతులకు చెప్పులున్నయి.

"పేరు రాసుకోరాదే" అన్న.
"నలభై ఏండ్లు అందరి పేర్లు రాసిన, సాలు" అన్నడు.

ఇగ ఇయ్యాల
మేకకాడ శానసేపు నిలవడ్డ.
బడికి వోయే పిలగాడొకడు
రోజులెక్కనే దాని గడ్డం గుంజి ఉరికిండు.
కాంట్రాక్టరుకు ఫోన్ల ఫోటో గావాలె,
తెల్లగ.
తెల్లగనే ఏసిన.
మూతి మీద, తొండం మీద, ముసల్దాని చెవుల మీద,
నిచ్చెనెక్కి కోతుల మీద, చెప్పులతోటి.
పెద్దసార్లు కారద్దం దించనేలే.

కని ఒక్క ముచ్చట, ఎవ్వరితోటి అనకుండ్రి.
సున్నంల జిగురు కలపలే.
పిడికెడు ఉప్పు గూడ ఎయ్యలే.
పల్చగ, మజ్జిగ తీర్గ.

మిరుగుకు ఇంక పదొద్దులుంది.
ముందుగాల గడ్డమే బయటవడ్తదని
నా పందెం.