ఆరు రేకుల మంచు

డిసెంబరు వస్తే చాలు
మధ్యాహ్నం రెండింటికి ఆ చానెల్లో మంచు పడుతుంది.
నరసాపురంలో ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది.
నా ఒళ్ళో దారపుండ, వేళ్ళ మధ్య క్రోషా సూది,
కళ్ళు పరదేశంలో.

కథ నాకు కంఠతా వచ్చు.
పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే పిల్ల
మెట్ల మీద కాలు జారి పడుతుంది.
కళ్ళు తెరిచేసరికి ఇంకో ఇంట్లో, ఇంకొకడి భార్య.
ఎవడో కాదు, అప్పుడెప్పుడో వద్దనుకున్నవాడే.
గళ్ళ చొక్కా, చెక్కపని, పొయ్యి దగ్గర కుక్క,
కనకుండానే ఇద్దరు పిల్లలు.
గంటన్నరలో ప్రేమించేస్తుంది,
సబ్బుల ప్రకటనలు పోను.

మా తోటికోడలు రాహేలు అంటుంది:
"జారాలన్నా మెట్లున్న కొంపలో పుట్టాలమ్మా.
మనం జారేది రేవులో.
లేస్తే అదే బురద, అదే మొగుడు."
నవ్వుతాను. ఒక ముడి తప్పుతుంది.
విప్పుతాను.

నేనూ ఒకసారి జారి చూశాను,
పీట మీంచి లేవకుండానే.
సఖినేటిపల్లి పంటు మీద టిక్కెట్లు కోసే తిమోతి
చిల్లర లేదంటే
"రేపియ్యండి, గోదారెక్కడికి పోద్ది" అనేవాడు.
ఆ రెండు రూపాయలు నేను ఇవ్వనే లేదు.
ఇరవై రెండేళ్ళ వడ్డీతో
ఆ బాకీ మీద ఒక ఇల్లు కట్టాను
ఏటిగట్టున, కిటికీలో కాగితం నక్షత్రం పెట్టి.
అతను లోపలికొస్తాడు. చొక్కాకి గళ్ళు వేశాను.
మంచు కురిపిద్దామనుకున్నాను, నా వల్ల కాలేదు,
ఉక్కపోతే వచ్చింది.
పిల్లలకి పేర్లు పెట్టబోతే
నా పిల్లల పేర్లే నోటికొచ్చాయి.
ఆ ఇంటికి కూడా నాలుగింటికల్లా
ఏజెంటు వీరభద్రం సైకిలు దిగి
"నూరూ అయ్యాయా?" అన్నాడు.

మంచుపువ్వులు. మేమల్లేది అవే.
ఆరు రేకులు. ఏడైతే వెనక్కొస్తాయి.
గంజి పెట్టి, గుండుసూదులు గుచ్చి ఆరబెట్టి
ఓడెక్కిస్తారు.
మంచులో బతికేవాళ్ళకి మళ్ళీ మంచెందుకని
ఒకసారి అడిగాను వీరభద్రాన్ని.
"వాళ్ళది కరిగిపోద్దమ్మా" అన్నాడు.

సినిమాలో అందరూ తెలుగే మాట్లాడతారు.
పెదాలు ఆగిపోయాక కూడా మాట కాస్త దూరం నడుస్తుంది.
ఒక్కోసారి వాడు నోరు తెరవకముందే
"నువ్వు లేక నేను లేను" వినబడిపోతుంది.
రాహేలు పడీ పడీ నవ్వుతుంది.
అక్కడ మాత్రం నాకు నవ్వు రాదు.
గుడిలో అయ్యగారు "నీకు ఇష్టమేనా అమ్మా" అని అడిగిన రోజు
నా పెదాలు కదిలాయి, ఫోటో ఉంది.
"ఇష్టమే" అన్న గొంతు
మా మేనత్తదో, మా అమ్మదో,
ఇప్పటికీ తెలీదు.

ఈయన పేరు అబ్షాలోము. రొయ్యల చెరువు కాపలా.
కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయని
జనరేటరు పక్కనే మంచం వేసుకుంటాడు.
పెళ్ళినాటి నుంచీ మా ఇద్దరి మధ్యా
ఏదో ఒక మోటారు మోగుతూనే ఉంది.

నిన్న పగటిపూట వచ్చాడు,
చేతులకి మేత పొడి, లుంగీ మోకాళ్ళ దాకా తడి.
గుమ్మంలోనే నిలబడిపోయాడు.
తెర మీద ఆ పిల్ల ఏ జీవితం కావాలో తేల్చుకుని
చెట్టు పక్కన ముద్దు పెట్టుకుంటోంది.
నేను ముద్దుకేసి చూస్తున్నాను.
ఈయన చెట్టుకేసి.
"ఆ పైకొమ్మ మీద పువ్వు
నీ చేతిది కాదూ?"

చూశాను. రెప్పపాటు కనబడింది.
ఎనిమిది రేకులు. మిషను కుట్టు.

"నాదే" అన్నాను.

పెదాలూ గొంతూ కలిశాయో లేదో
చూసినవాళ్ళు చెప్పాలి.
"అనుకున్నా" అంటూ ఆయన
కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి పోయాడు.
మూడున్నర అవుతోంది.
ఇంకా పదకొండు పువ్వులు.