ఎంగిలి

గ్రిమ్స్‌బీ మ్యూజియం కింది గదిలో, రేవువైపు కిటికీ దగ్గర,
దూదిపుల్లను నాలుక మీద తడిపి
ఒక దయ్యం మొహం తుడుస్తున్నాను.

నూనెబొమ్మ మీది మసికి ఉమ్మిని మించిన మందు లేదు.
సీసాల్లో రసాయనాలు వరసగా ఉన్నా
చివరికి నోటినే నమ్ముకుంటాం.
మా నాయనమ్మ వింటే చెంపలేసుకునేది:
ఎంగిలి! పరాయి మొహానికి, అదీ దయ్యానికి!
దానికేం పట్టింపు ఉన్నట్టు లేదు.
తొంభై ఏళ్ళ చేపపొగ కిందనుంచి
ముందు ఒక దవడ తేలింది,
తర్వాత నవ్వు.

వేసినావిడ హిల్డా మాపుల్‌బెక్.
పగలు చేపలకు పొగబెట్టే కొట్టంలో పద్దులు రాసేది,
రాత్రి ఆరు పెన్నీల భయం పత్రికలకి అట్టబొమ్మలు.
కథ చదవకుండానే వేసేదట.
"సమాధి, చంద్రుడు, గౌను చిరిగిన పిల్ల" అని
లండన్ నుంచి కార్డుముక్క వస్తే
సమాధి వేసేది, చంద్రుణ్ణి వేసేది,
పిల్ల గౌనుకు మాత్రం మెడదాకా బొత్తాలు పెట్టి పంపేది.
ఇద్దరు సంపాదకులు అందుకే మానుకున్నారు.

పద్నాలుగు బొమ్మలు. ఒక్కొక్కటే తుడుచుకుంటూ వస్తుంటే
మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది.
కోటగోడ. రాయి రాయికీ ఒక చెవి.
చలికి ఎర్రబడ్డ తమ్మెలు, ఒకదానికి పోగు కుట్టిన చిల్లు.
గోడలకు చెవులుంటాయని మేం ఊరికే అంటాం.
ఈవిడ కూర్చుని లెక్కపెట్టి వేసింది.

ఐదోది: మెట్లమీద పరిగెత్తే మనిషి,
ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని.
వేళ్ళ సందుల్లోంచి వెలుగు కారుతోంది, గుడ్డుసొనలా.
ఎనిమిదోదాంట్లో బిషప్పు టోపీ పెట్టుకున్న అస్థిపంజరం,
పక్కటెముకల లోపల ఎలకలు పరుగులు.
ఆకలేసి ఉంటుంది, పాపం.

డెరెక్ వచ్చి వెనకాల నిలబడతాడు.
ఫారంలో వర్ణన గడి ఖాళీగా ఉందంటాడు.
"వింత ప్రాణి, గుర్తు తెలియనిది" అని రాసెయ్యమంటాడు.
గుర్తు తెలియకపోవడమేంటి డెరెక్,
ఇవన్నీ మా వంటింట్లో తిరిగే మాటలు!
ఉప్పూకారాలతో పాటు నోళ్ళలో నాని నాని
కోరలు ఊడి, గోళ్ళు అరిగి,
ఎవర్నీ భయపెట్టడం మానేసి శతాబ్దాలైంది.
ఇక్కడ, తెలుగు ముక్క సోకని ఈ ఉప్పుగాలిలో
ఎవరూ పిలవకుండానే లేచి నిలబడ్డాయి,
కొత్త పళ్ళతో.

ఇదంతా అతనితో అనను. "అలాగే" అంటాను.

పద్నాలుగోది ఏ పత్రికకీ పోలేదు.
చెక్క వెనక ధర లేదు, నెల లేదు.
రేవుగోడ మీద ఒక ఆడమనిషి, సముద్రంకేసి సగం తిరిగి.
జుట్టు దగ్గర మసి దట్టం, మూడు రోజులు పట్టింది.
మొహం ముప్పాతిక కనబడ్డాక
పుల్ల నోట్లోనే ఉండిపోయింది.

కళ్ళలో వత్తులు వేసుకుని ఉంది.
నిజం వత్తులు. రెండు గుంటల్లో చేపనూనె,
అందులో మునిగిన వలతాడు పోగు,
కొసన పసుపు మంట,
కింది రెప్ప దాటి చెంపకు కారిన జిడ్డు.
దయ్యం కాదు. గౌనుకు మెడదాకా బొత్తాలున్నాయి.

మ్యూజియం పాత పద్దులో ఒకే ఒక్క వాక్యం:
తమ్ముడు వాల్టర్, చేపల ఓడ, ఐస్‌లాండ్ అవతల, జాడ లేదు.
ఎవరు ఎన్నేళ్ళు చూశారన్నది
పద్దుల్లోకి ఎక్కే సంగతి కాదు.

గడిలో ఇంగ్లీషులో రాశాను: స్త్రీ, సముద్రం, రాత్రి.
ఎడమ కంటి కింద మసి ఇంకొంచెం మిగిలింది.
పుల్ల నాలుక మీద పెట్టాను, నోరు ఎండిపోయి ఉంది.
మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ కూర్చున్నాను.
తుడుస్తున్నాను, అంచు నుంచి లోపలికి,
ఊపిరి మాత్రం
పక్కకి తిరిగి వదులుతూ.