పొట్టతోలు

గ్లౌజు వాపసొచ్చింది.
బొటనవేలి మొదట్ల మూడు తూట్లు,
లోపటి దిక్కు ఎండిన నెత్తురు.
"షూఫ్" అన్నడు జబర్.
మిగతదంత ఆయన చేతికున్న కట్టే చెప్పింది.

దోహాల డేగల బజారు. డిసెంబరు, పొద్దుగూకంగ.
కండ్లకు తోలు టోపీలు పెట్టుకొని
పీటల మీద డేగలు వరుసగ కూసున్నయి,
ఎవరి బేరం నడుస్తుందో వాటికి పట్టదు.

"కుట్టు ఇడిసిందని చెప్పు రాజలింగం"
అన్నడు మేనేజరు నదీం, హిందీల, మెల్లగ.
కుట్టు నాది. తోలు కొన్నది ఆయన.
చవుకల తెమ్మన్నది ఆయన పైనున్న అర్బాబు.

తూటు అంచును గోటితోని విప్పి చూసిన.
పైపొర బాగనే ఉంది, నున్నగ, రంగు తాగి.
కింద పోగులు పండుకొని ఉన్నయి,
గాలికి వాలిన వరి లెక్క అన్నీ ఒక్క దిక్కే.
వెన్నుతోలు పోగు అట్ల పండుకోదు.
ఏటవాలుగ లేసి, ఒకదాని కిందికెల్లి ఒకటి దూరి
నులకమంచం లెక్క బిగుసుకుంటది.
ఒక్క పోగును పక్కకు నూకితే
ఇంక నాలుగు అడ్డమొస్తయి.
పొట్ట మేసినప్పుడల్ల ఉబ్బాలె, సూడైతే సాగాలె.
దాని అల్లికనే వదులు. దాని తప్పేం లేదు.

మా నర్సవ్వ లందల మోకాళ్లదాక దిగి
తంగెడుచెక్క నీళ్లు తొక్కుకుంట చెప్పేది:
"వెన్ను మోటకు. మెడ చెప్పు అడుగుకు.
మేకది సన్నపోగు, డప్పుకు,
మంట చూపెడితే పలుకుతది.
గొర్రెది రెండు పొరలు బిడ్డా, నడుమ కొవ్వు,
ఎప్పుడు ఊడుతదో తెల్వదు.
పొట్ట..." అని ఆగి, ఉమ్మేసేది.

ఈడ గాలి రెండు తీర్లు.
తలుపు బయట సముద్రపు చెమ్మ, లోపట ఏసీ.
పోగులు నీళ్లు తాగి ఉబ్బుతయి, మళ్ల ఆరి
ఒకదానికొకటి అతుక్కుంటయి.
అతుక్కున్న పోగు వంగదు, పలుగుతది.
నడుమ ఇంత కొవ్వు పట్టిస్తే
జారి, జరిగి, చోటిచ్చుకుంటయి.
మా రూముల పదకొండు మందిమి.
మాకు ఆ కొవ్వు శుక్రవారం కోడికూరల దొరుకుతది.

అరబ్బీల పోగును ఏమంటరో నాకు రాదు.
రెండు ముక్కలు తీసిన, ఒకటి పొట్ట, ఒకటి వెన్ను.
నీళ్లల్ల ముంచి జబర్ చేతులకిచ్చి, గుంజుమన్న.
పొట్టముక్క సాగింది. వదిలితే సాగినట్టే ఉండిపోయింది.
వెన్నుముక్క ఇంతంత సాగి
తిరిగి తన కొలతకొచ్చింది.
ఆరె చేతిల పెట్టి, గుచ్చుమన్న.
పొట్టల, ఖుబ్బూసుల దిగినట్టు దిగింది.
వెన్నుల సగం పోయి నిలవడ్డది.

జబర్ నన్ను చూడలే. నదీంను చూసిండు.
నదీం క్యాలిక్యులేటరును చూసిండు.

ఆ రాత్రి వెన్నుగీత పక్కకెల్లి కోసిన,
బొటనవేలు వంగే దిక్కుకు
సాగే దిక్కు కుదిరేటట్టు
రంపెను మూడుసార్లు తిప్పి చూసుకొని.
జీతంల నలభై రియాళ్లు తక్కువొచ్చినయి,
"కుట్టు ఖర్చు" అని రాసిండు.
నదీం మొఖం చూస్తే అడగబుద్ధి కాలే.

పై శుక్రవారం జబర్ డేగతోని వచ్చిండు.
అది కొత్త గ్లౌజు మీద బరువంత ఏసి దిగింది,
గోళ్లు ముడిచింది, తల తిప్పింది, లేసింది.
గోళ్లు పట్టిన చోట నాలుగు గుంటలు.
ఎవ్వరం మాట్లాడలే.
ఒక్కొక్కటే, మెల్లగ, పైకి లేచినయి.