ముచ్చికలు

ధర్మాబాద్ స్టేషన్ ఎదురుగా నా సేతు కేంద్రం.
పేరు సర్కారుది, ప్రింటరు అప్పుది.
పొద్దున సాత్‌బారా నకళ్ళు,
మధ్యాహ్నం కులం సర్టిఫికెట్లు,
సాయంత్రం కరెంటుంటే
ఏదైనా.

లస్మబాయి సాయంత్రమే వచ్చింది,
మిర్చి కళ్ళంలోంచి నేరుగా.
మోచేత్తో తలుపు తోసింది.
పని దిగాక అరచేతులతో దేన్నీ ముట్టుకోదు, అలవాటు.
వెనక పన్నెండేళ్ళ ఉజ్వల,
కవరును పొట్టకు అదుముకుని.
నా దగ్గర కుర్చీ ఒకటే. ఇద్దరూ నిలబడ్డారు.

లెక్కల పోటీలో గెలిచిందట పిల్ల.
అడిలైడ్‌లో బడి, చదువు వాళ్ళదే, తిండి వాళ్ళదే,
తోడు వచ్చేవాళ్ళకీ ఓ గది.
తల్లికి ఇంకా ఇద్దరు చంటివాళ్ళు.
తండ్రికి పాస్‌పోర్టు అంటే
ఇంటికి పోలీసు రావడం.
"ఎవరన్న పెద్దమనిషి ఎంబడి ఉండాల్నంట,
నేను పెద్దమనిషినే గద"
అని నవ్వింది, దగ్గింది.
ఆమె చీర ఘాటుకి నేనూ దగ్గాను.

పేరు దగ్గరే ఆగిపోయాం.
రేషన్ కార్డులో లక్ష్మీబాయి, మరాఠీలో.
బాసర అవతల పుట్టినూరి బడి రిజిస్టర్లో
లస్మవ్వ, రెండో తరగతి వరకు.
ఆధార్లో ఎవరో నిద్రమత్తులో
లక్సంబాయి అని కొట్టారు.
ముగ్గురిలో విమానం ఎక్కేదెవరు?
బాండు పేపరు మీద రాయించాను:
ఈ ముగ్గురూ నేనే.

సంబంధం అడిగే గడిలో ఆంట్ అని ఉంది.
పిన్నో, పెద్దమ్మో, అత్తో
ఆ గడికి పట్టదు.
"మేనత్తని. దాని పేరు పెట్టింది నేనే,
తొట్లెల ఏసి చెవుల మూడుసార్లు చెప్పిన.
అది రాయి."
అది రాసే చోటు లేదు.
ఉజ్వల కింది మార్జిన్ చూపించింది.
వద్దన్నాను.

పన్నెండో పేజీలో షరతులు.
ఇంగ్లీషులో చదివి, మరాఠీలో ఆలోచించి,
తెలుగులో చెప్పాను.
పిల్లతోనే ఉండాలి.
పిల్లని వదిలి ఆ దేశం దాటరాదు.
పని చేయరాదు.

"ఏం పని?"
ఏ పనైనా.
"అంట్లు తోముకునుడు?"
మీ ఇంట్లో తోముకోవచ్చు. పైసలకి తోమరాదు.
"ఎన్ని దినాలు?"
ఆరేళ్ళు.

తొమ్మిదో ఏట కూర్చుంది కళ్ళంలో,
కాయ వెంట కాయ ముచ్చికలు తీస్తూ.
ముచ్చిక ఉంటే కాయ ఎక్కువ నిలుస్తుంది,
తీసిన దానికే ధర ఎక్కువ, అంటాడు సేటు.
ఇన్నేళ్ళలో ఆమె సెలవులు:
మొగుడు పోయినప్పుడు పదకొండు దినాలు,
లాక్‌డౌన్ల నలబై.
పురుళ్ళు లేవు.

"రెండువేల నూటతొంబై రెండు రోజులు అత్తా,
లీపు దినాలు రెండు కలిపి"
అంది పిల్ల, ఎవరూ అడగకముందే.

"గన్ని దినాలు కూసోబెడ్తరా?"
లస్మబాయి నన్నే అడిగింది, గొంతు తగ్గించి,
ఠాణాలో అడిగినట్టు.
"నేనేం తప్పు జేసిన బిడ్డా?"

తప్పేం లేదమ్మా, అది అక్కడి రివాజు.
అంతకంటే నాకూ తెలియదు.
నేను పుట్టి ఎన్నడూ హైదరాబాదు దాటలేదు.

బయట కుండీ దగ్గర
కొబ్బరినూనె, సబ్బు, మళ్ళీ నూనె.
చేతులు కడుక్కుంటూ చాలాసేపు ఉంది.
ఆదిలాబాద్ పోయే బండి వచ్చింది, పోయింది.
లోపలికొచ్చి సంతకం పెట్టింది.
ల రాసి ఆగి
స కింద మ వేలాడదీసి
బాయి దగ్గర కాగితం అయిపోతే
గీత దాటి రాసింది.

వాళ్ళు పోయాక మౌసు పట్టుకున్నాను,
మరిచి కన్ను రుద్దుకున్నాను.
కులం సర్టిఫికెట్టుకి వచ్చిన కుర్రాడు
ఏమైంది అన్నా అన్నాడు.
మిర్చి, అన్నాను.

నాలుగు వారాలైంది.
రోజూ దీపాల వేళకి
తలుపు మోచేత్తో తెరుచుకుంటుంది.
"పని చెయ్యద్దన్న కాయితం
వచ్చిందా బిడ్డా?"